పిల్లల బరువు – పెద్దల లెక్క

మా మస్జిదు పక్కన ఒక చిన్న గదిలో మక్తబ్ నడుస్తుంది. అస్ర్ నమాజు తర్వాత పిల్లలు ఖుర్ఆన్ పాఠానికి వస్తారు. వారి వెంట రోజూ ఒకరిద్దరు తల్లులు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు. జ్వరం తగ్గడం లేదని ఒకరు, పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని మరొకరు, దువా చదివి ఊదమంటారు. తావీజులు కట్టడం మా పద్ధతి కాదు. సూరె ఫాతిహా, చివరి రెండు సూరాలు, దైవప్రవక్త (స) నేర్పిన దువాలు చదివి పంపిస్తాం.

కొంతకాలం క్రితం ఒకే వారంలో ఇద్దరు తల్లులు వచ్చారు. ఇద్దరిదీ ఒకే వీధి. మొదటి ఆమె వెంట తొమ్మిదేళ్ళ పిల్లవాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది, మెడ దగ్గర ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. “హజ్రత్! వీడికి నజర్ తగిలింది. ఎంత పెట్టినా ఒంటికి పట్టడం లేదు” అన్నదామె. రెండు రోజుల తర్వాత వచ్చిన తల్లి వెంట పదేళ్ళవాడున్నాడు. ఎత్తులో తల్లి భుజం దాటలేదు గాని బరువులో ఆమెకు తీసిపోడు. గుమ్మం ముందున్న నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయాసపడుతున్నాడు. “హజ్రత్! మా వాడు పుష్టిగా ఉన్నాడని వీధిలో అందరి కళ్ళూ వీడి మీదే. కాస్త చదివి ఊదండి” అన్నదామె.

ఇద్దరి వ్యాధికీ ఒకే పేరు: నజర్. మేము ఇద్దరికీ చదివాం, ఇద్దరినీ పంపేశాం. దిష్టి తగలడం నిజమేనని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (ముస్లిం). అందులో మాకు సందేహం లేదు. కాని ఆ రాత్రి మరునాటి పాఠం కోసం సహీహ్ ముస్లిం తెరచినప్పుడు, దిష్టి అధ్యాయంలోనే, ఇదివరకు ఎన్నోసార్లు చదివిన ఒక హదీసు దగ్గర ఆగిపోయాం.

అబూతాలిబ్ కుమారుడు హజ్రత్ జాఫర్ (రజి) పిల్లలు చిక్కిపోయి ఉండటం చూసి దైవప్రవక్త (స) వారి తల్లి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి)ను ప్రశ్నించారు. నా సోదరుని పిల్లల శరీరాలు ఇలా బక్కచిక్కి కనిపిస్తున్నాయేమిటి, వారికి ఏమైనా లోటు ఉందా అని అడిగారు. అలాంటిదేమీ లేదు, వారికి దిష్టి త్వరగా తగులుతుంది అని ఆమె విన్నవించుకున్నారు. అప్పుడు దువా చదివి ఊదమని ఆయన (స) చెప్పారు. ఆమె తనకు తెలిసిన పదాలు వినిపిస్తే, వాటిని చదవవచ్చని అనుమతించారు.

ఈ హదీసును మదరసాలో మేము ఎన్ని సంవత్సరాలు చదివామో! ఏ పదాలతో ఊదడం ధర్మసమ్మతం, ఏ పదాలతో కాదు అన్న చర్చలు వ్రాసుకున్నాం, పరీక్షల్లో జవాబులు వ్రాశాం. కాని దైవప్రవక్త (స) నోట మొట్టమొదట వెలువడిన ప్రశ్న మీద మా దృష్టి నిలవలేదు. ఆయన ముందు అడిగింది దిష్టి గురించి కాదు. పిల్లలకు తిండికి, అవసరాలకు లోటు ఉందా అని అడిగారు. తల్లి ‘లేదు’ అన్న తర్వాతే దువా మాట వచ్చింది. మేము రెండవ దానితో మొదలుపెట్టి, మొదటిదాన్ని అసలే అడగకుండా ఇద్దరు పిల్లల్ని ఇంటికి పంపేశాం.

మరుసటి వారం అడిగాం.

బక్కపలచని పిల్లవాని తండ్రి వడ్రంగి దుకాణంలో రోజు కూలీ. ఆ పిల్లవాడు పొద్దున టీలో రెండు రస్కులు ముంచుకొని తిని బడికి వెళ్తాడు. ఒక్కోసారి అదీ ఉండదు. మధ్యాహ్నం బడిలో భోజనం. సాయంత్రం ఏడిస్తే చేతిలో ఐదు రూపాయలు పెడతారు, దానితో ఒక చిప్స్ పొట్లం. రాత్రికి అన్నం, పల్చని చారు, పచ్చడి. “ఎంత పెట్టినా” అని తల్లి అన్నది అబద్ధం కాదు. ఆమె కడుపు నిండానే పెడుతోంది. కాని ఆ పళ్ళెంలో పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర వారంలో ఎన్నిసార్లు కనిపిస్తాయి ఆపా అని అడిగితే ఆమె కొంగు సరిచేసుకొని నేల చూపులు చూసింది. అలా అడిగి ఆమెను సిగ్గుపడేలా చేశామే అని మాకే సిగ్గనిపించింది.

బొద్దుగా ఉన్న పిల్లవాని తండ్రి ఆరేళ్ళుగా కువైట్‌లో డ్రైవరు. మా కడప ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు, వీధికి పది ఇళ్ళు ఇలాంటివే. ఆయన నెల నెలా డబ్బు పంపుతాడు, రెండేళ్ళకొకసారి వస్తాడు. “వాళ్ళ అబ్బా దగ్గర లేడు కదా హజ్రత్, అడిగింది కూడా కొనివ్వకపోతే వాడి మనసు విరిగిపోదా?” అన్నదా తల్లి. ఆ మాట వింటే మా గుండె తరుక్కుపోయింది. పొద్దున బిస్కెట్లు, బడి నుంచి రాగానే కూల్‌డ్రింకు, చేతిలో ఫోను పెడితేగాని ముద్ద దిగదు. దాదీ ఒక పళ్ళెం పెడుతుంది, అమ్మీ మరొకటి. రాత్రి పడుకోబోయే ముందు అబ్బా వీడియో కాల్‌లో “బేటా, తిన్నావా?” అని అడుగుతాడు. తిన్నానని చెప్పడమే అక్కడ ప్రేమకు జవాబు.

ఇది మా ఒక్క వీధి కథ కాదు. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో తక్కువ బరువు గలవారు 2000లో సుమారు 13 శాతం ఉండగా ఇప్పుడు 9.2 శాతానికి తగ్గారు. ఊబకాయం గలవారు 3 శాతం నుంచి 9.4 శాతానికి పెరిగారు. అంటే ప్రపంచంలో మొట్టమొదటిసారి ఊబకాయం తక్కువ బరువును దాటిపోయింది. దక్షిణాసియాలో, సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో మాత్రం ఇంకా దాటలేదు. మన దేశంలో 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో 23 శాతం మంది బక్కచిక్కి ఉన్నారని, 4 శాతం అధిక బరువుతో ఉన్నారని తేలింది. 10 నుంచి 19 ఏళ్ళ వారిలో ఈ సంఖ్యలు 24, 5 శాతం. మన దగ్గర బక్క పిల్లలే ఎక్కువ. అయితే అదే సర్వేలో ఆ రెండు వయసుల పిల్లల్లోనూ సుమారు పదిమందిలో ఒకరి రక్తంలో చక్కెర, మధుమేహానికి ముందు మెట్టు మీద ఉన్నట్టు కనిపించింది. లావుగా ఉన్నవారి సంఖ్య అంత తక్కువగా ఉంటే, ఈ చక్కెర ఎవరి రక్తంలో ఉన్నట్టు?

దీనికి పూణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి పరిశోధన చాలావరకు జవాబిస్తుంది. పూణె పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లాండులో పుట్టినవారిది 3.5 కిలోలు. మన శిశువుల్లో కండ చాలా తక్కువ, కాని చర్మం క్రింది కొవ్వు మాత్రం దాదాపు వారికున్నంతే ఉంది. 2004లో ఆయన, యూడ్కిన్ అనే ఇంగ్లాండు వైద్యుడు కలిసి తమ ఫోటోను ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఎత్తుతో బరువును పోల్చే లెక్క, అంటే బి.ఎం.ఐ., ఇద్దరికీ ఒకటే: 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యూడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! బక్కతనం, ఊబకాయం ఎదురెదురు వ్యాధులనుకుంటాం గాని, తల్లి గర్భంలో, పసితనంలో సరైన పోషణ దొరకని శరీరమే తర్వాత చక్కెర, నూనె దొరికినప్పుడు త్వరగా చెడుతుంది. ఈ రోజు రస్కులతో, చిప్స్‌తో పెరుగుతున్న బక్క పిల్లవాడు రేపు నాలుగు డబ్బులు సంపాదించిన రోజున ఏమవుతాడో ఊహించుకోవచ్చు.

వైద్యం మా రంగం కాదు, దాన్ని ఇక్కడితో వదిలేద్దాం. మేము అడగదలచుకున్న ప్రశ్న వేరు. పిల్లవాని శరీరం ఇలా తప్పుదారి పట్టినప్పుడు దోషం ఎవరిది? ప్రళయదినాన ఈ శరీరం గురించి ఎవరిని నిలదీయడం జరుగుతుంది?

పిల్లవానిని కాదన్నది స్పష్టం. యుక్తవయసు వచ్చేదాకా పిల్లల కర్మలు వ్రాసే కలం ఎత్తివేయబడి ఉంటుందని హదీసు (అబూదావూద్). అయితే కలం ఎత్తివేయబడింది పిల్లవాని మీది నుంచే గాని, అతనికి తినిపించే చేతుల మీది నుంచి కాదు. ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి కాపరీ ప్రశ్నించబడతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). తన పోషణలో ఉన్నవారిని పాడుచేయడం మనిషి పాపాత్ముడు కావడానికి చాలని కూడా ఆయన సెలవిచ్చారు (అబూదావూద్). ఈ హదీసును సాధారణంగా ఆలుబిడ్డలకు ఖర్చు ఇవ్వని పిసినారి భర్తల గురించి వినిపిస్తాం. కాని పాడుచేయడం అనేది పెట్టకపోవడం వల్లనే జరుగుతుందా?

పోషణ ఎంత ఉండాలన్న దానికి మన ఫిఖ్‌హా పండితులు ఒక సంఘటనను ఆధారం చేసుకున్నారు. హజ్రత్ హింద్ (రజి) వచ్చి, తన భర్త అబూసుఫ్యాన్ (రజి) తనకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడం లేదని ఫిర్యాదు చేశారు. అప్పుడు దైవప్రవక్త (స), నీకూ నీ సంతానానికీ సరిపోయేటంత ధర్మమైన రీతిలో అతని సొమ్ము నుంచి తీసుకోవచ్చని ఆమెకు అనుమతించారు (బుఖారీ, ముస్లిం). ఇక్కడ కొలత ‘సరిపోయేటంత’. దీన్నే ఉలమా ‘కిఫాయత్’ అంటారు. తండ్రి ఎంత ఇస్తే అంత అనేది కొలత కాదు. అలాగే పిల్లవాడు ఎంత అడిగితే అంత అనేది కూడా కొలత కాదు. పిల్లవాని అవసరమే కొలత. దాని కన్నా తగ్గించడం అతని హక్కు కాజేయడం, దాని మీద పేర్చడం దుబారా. దుబారా వల్ల సొమ్ము మాత్రమే చెడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాం. పిల్లవాని ఊపిరితిత్తులు, మోకాళ్ళు కూడా చెడతాయని ఆ నాలుగు మెట్ల దగ్గర చూశాం.

ఈ లెక్క నుంచి తప్పించుకోవడానికి మనం రెండు మంచి మాటలను అడ్డం పెట్టుకుంటాం. బక్క పిల్లవాని ఇంట్లో ఆ మాట ‘తఖ్దీర్’. అల్లాహ్ వ్రాసిపెట్టింది ఇంతే, సహనం వహించాలి అంటారు. సహనం గొప్ప గుణమే. కాని హజ్రత్ ఉమర్ (రజి) సిరియా దేశంలో ప్లేగు వ్యాపించిందని విని తన బృందాన్ని వెనక్కు మళ్ళించినప్పుడు, అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని జవాబిచ్చారు (బుఖారీ, ముస్లిం). మస్జిదు కమిటీకి, బంధువులకు, ప్రభుత్వానికి చెప్పుకోవడం, ఐదు రూపాయల పొట్లం మాని అదే సొమ్ముకు వేరుసెనగలో శనగలో కొనిపెట్టడం – ఇవీ తఖ్దీర్‌లో భాగాలే.

ఇక్కడ కొందరు చదువుకున్న సోదరులు అడ్డు ప్రశ్న వేస్తారు. ఆకలితో ఉండటం పుణ్యాత్ముల మార్గం కాదా? అతిథి కోసం ఒక అన్సారీ దంపతులు తమ పిల్లల్ని అన్నం పెట్టకుండానే నిద్రపుచ్చారు కదా, దాన్ని అల్లాహ్ మెచ్చుకున్నాడు కదా? ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలో ఉంది, నిజమే. అయితే ఇమామ్ నవవీ (రహ్మలై) దీన్ని వివరిస్తూ, ఆ పిల్లలకు అప్పుడు నిజమైన ఆకలి లేదని, పిల్లల అలవాటు ప్రకారం అడిగారని, వారికి హాని కలిగేంత ఆకలి ఉంటే అతిథి కన్నా ముందు వారికి పెట్టడమే విధి అయి ఉండేదని స్పష్టం చేశారు. త్యాగం తన కడుపుతో చేయాలి. పిల్లవాని కడుపు కట్టి పెద్దలు పుణ్యం సంపాదించుకోలేరు.

రెండవ ఇంట్లో అడ్డం పెట్టుకునే మాట ‘ప్రేమ’. దీని మీద మేము ఇంకాస్త ఆగుతాం. ఎందుకంటే ఇది చూడ్డానికి అందంగా ఉంటుంది. తండ్రి దూరంగా ఉన్న ఇంట్లో, తల్లిదండ్రులిద్దరూ పనికి పోయే ఇంట్లో, ఒకే సంతానమున్న ఇంట్లో, ప్రేమ పొట్లాల రూపంలో, సీసాల రూపంలో వస్తుంది. దైవప్రవక్త (స) కన్నా పిల్లల్ని ప్రేమించిన వారెవరు? మనుమడు వీపు మీదికి ఎక్కితే సజ్దాను పొడిగించారు (నసాయీ). అదే ఆయన (స), పసివాడైన హజ్రత్ హసన్ (రజి) దానధర్మాల ఖర్జూరాల కుప్ప నుంచి ఒకటి తీసి నోట్లో వేసుకోగానే, దాన్ని ఉమ్మివేయమని చెప్పారు (బుఖారీ, ముస్లిం). అక్కడ కారణం వేరు. ప్రవక్త కుటుంబానికి సదఖా తినడం నిషిద్ధం. మేము గమనించమంటున్నది ఆయన ధోరణిని. పసివాడు, ఏమీ తెలియదు, ఒక్క ఖర్జూరమే కదా, నోట్లో ఉన్నది ఎలా తీయిస్తాం అని ఊరుకోలేదు. ముద్దు పెట్టుకున్న ఆ పెదవుల నుంచే ‘వద్దు’ అన్న మాట కూడా వచ్చింది. ‘వద్దు’ అనలేని ప్రేమ నిజంగా పిల్లవాని కోసమా, లేక వాడి ఏడుపు వినలేని మన బలహీనత కోసమా?

అబ్బా దూరంగా ఉన్న లోటును కూల్‌డ్రింకు తీర్చదు. ఆ తండ్రి వీడియో కాల్‌లో “తిన్నావా?” అని కాక, “ఈ రోజు ఎవరితో ఆడుకున్నావు?” అని అడిగితే ఎలా ఉండేది? ఈ మాట ఆ తల్లితో అన్నాం. ఆమె ఏమీ బదులు చెప్పలేదు.

మా సొంత తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ పిల్లవాడిని మేము మక్తబ్‌లో చాలాకాలం ‘పహిల్వాన్’ అని పిలిచాం. ముద్దుగానే పిలిచాం. మిగతా పిల్లలు నవ్వేవారు, వాడూ నవ్వేవాడు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డ పేర్లతో పిలవవద్దని సూరె హుజురాత్‌లో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ ఆయతును మేమే వారికి కంఠస్థం చేయించాం! హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చెట్టు ఎక్కినప్పుడు ఆయన సన్నని పిక్కలు చూసి కొందరు సహచరులు నవ్వితే, ఆ కాళ్ళు త్రాసులో ఉహుద్ పర్వతం కన్నా బరువు తూగుతాయని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్నద్ అహ్మద్). ఎగతాళికి గురైన పిల్లవాడు సిగ్గుతో ఆటకు పోవడం మానేస్తాడు, ఒంటరిగా కూర్చొని మరింత తింటాడు. ఇది మా కళ్ళ ముందే జరిగింది. ‘పుల్ల’, ‘సూఖా’ అని పిలిపించుకునే వాడి సంగతీ అంతే, వాడు చొక్కా విప్పి వుజూ చేసుకోవడానికి కూడా వెనుకాడతాడు.

ఆట మాట వచ్చింది గనుక మరొకటి. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా పిల్లలు ఆడుకోవడానికి అనువైన సమయం. బడి నుంచి రాగానే ఆ కాస్త సమయాన్ని మక్తబ్ తీసుకుంటుంది, మగ్రిబ్ తర్వాత ట్యూషన్. బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతిపాత్రుడన్న హదీసు (ముస్లిం) వినిపిస్తూనే పిల్లల్ని కదలకుండా కూర్చోబెడుతున్నాం. ఇప్పుడు మా మక్తబ్‌ను మగ్రిబ్ తర్వాతకు మార్చాం. ట్యూషన్ మాస్టర్లకు, కొందరు తల్లిదండ్రులకు కోపం వచ్చింది. రావచ్చు.

ఇంట్లో ఇంకొక త్రాసు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బక్కపలచని ఆ పిల్లవానికి ఏడో తరగతి చదివే అక్క ఉంది. ఇంట్లో గుడ్డు ఉంటే తమ్ముడికి, మాంసం ముక్క ఉంటే అబ్బాకు, తమ్ముడికి. ఆ అమ్మాయి, తల్లి చివర్లో కూర్చుంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. మగపిల్లల్లో అది 31.1 శాతం. ఒక కొడుక్కు ఇచ్చిన కానుక మిగతా సంతానానికి ఇవ్వలేదని తెలిసి దైవప్రవక్త (స) దానికి సాక్షిగా ఉండనని నిరాకరించారు, సంతానం మధ్య న్యాయం పాటించమని తాకీదు చేశారు (బుఖారీ, ముస్లిం). కానుకలోనే ఇంత నిక్కచ్చి అయితే పళ్ళెంలోని గుడ్డు సంగతి చెప్పాలా? పైగా ఆ అమ్మాయే రేపటి తల్లి. పూణె వైద్యుడు తూచిన 2.7 కిలోల శిశువు ఇలాంటి రక్తహీనపు తల్లి కడుపు నుంచే వస్తాడు.

ఇంటి గడప దాటితే వీధి ఉంది. బక్క పిల్లవాని ఇంటికీ బొద్దు పిల్లవాని ఇంటికీ మధ్య ఆరు ఇళ్ళు. ఒక ఇంట్లో పిల్లవాని చేత బలవంతంగా రెండో పళ్ళెం తినిపిస్తున్న సమయంలో ఆరో ఇంట్లో పచ్చడి మెతుకులు. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు (ముస్లిం). మన వలీమాల్లో మిగిలిన బిర్యానీ మున్సిపాలిటీ బండిలోకి పోతున్నది. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం అన్నింటికన్నా చెడ్డదన్న హదీసు (బుఖారీ, ముస్లిం) నికాహ్ ఖుత్బాల్లో మేము కూడా చదవం, పెళ్ళివారు నొచ్చుకుంటారని.

మా మదరసాల వంటశాలల్ని కూడా ఈ లెక్కలోంచి మినహాయించలేం. మేము చదువుకున్న చోట నెలలో ఇరవై అయిదు రోజులు నీళ్ళ పప్పు, అన్నం. దాతలు వచ్చిన రోజున మాత్రం గంగాళాల కొద్దీ బిర్యానీ. ఆకలి మీదున్న పిల్లలం గొంతు దాకా తినేవాళ్ళం, మరునాడు సగం తరగతి కడుపునొప్పితో పడుకునేది. ఆ ఒక్క రోజు డబ్బుతో నెలంతా పప్పు చిక్కగా ఉండేది. దాతల పేరు మాత్రం బోర్డు మీద ఉండేది కాదు, అంతే తేడా.

పాలకుల బాధ్యత లేదా? ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) మొదట పాలు మాన్పించిన పిల్లలకే బైతుల్‌మాల్ నుంచి భృతి నిర్ణయించారు. ఒక రాత్రి పహరా తిరుగుతూ ఒక పసిబిడ్డ ఆగకుండా ఏడవడం విన్నారు. భృతి కోసం తల్లి తొందరపడి పాలు మాన్పిస్తోందని తెలిసింది. ఆ తెల్లవారి ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వల్ల వెనుక ఉన్నవారికి ఖుర్ఆన్ పారాయణం సరిగా వినిపించలేదట. పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ఇవ్వాలని ఆ రోజే ఆజ్ఞ జారీ చేశారని ఇబ్నె సాద్ వ్రాశారు. తన చట్టం ఒక శిశువును ఆకలికి గురిచేసిందని తెలియగానే చట్టాన్ని మార్చుకున్న పాలకుడాయన.

మన దేశంలో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాత ప్రభుత్వ పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం తప్పనిసరి అయింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవానికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాములు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వారానికి ఐదు గుడ్లు చేర్చారు. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి జిల్లాల్లో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. ఈ భోజనం భిక్ష కాదు, పిల్లల హక్కు. పరువు తక్కువని దాన్ని మాన్పించి టిఫిన్ డబ్బాలో నూడుల్స్ పెట్టి పంపే తల్లులున్నారు మనలో. గుడ్డు సరిగా వస్తోందా లేదా అని బడికి వెళ్ళి ఒక్కసారి చూసిన తండ్రులెందరు? కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువైన తిండిని బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మరాదని 2020లోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన చేసింది. ఏ బడి ముందైనా సాయంత్రం నిలబడి చూడండి.

ఇక ఆ ఇద్దరు పిల్లల సంగతి. బక్కపలచని వాడిని పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపించాం. రక్తం తక్కువగా ఉందని తేలింది, నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు ఇచ్చారు. మస్జిదు సదఖా పెట్టె నుంచి నెలకు కొంత ఆ ఇంటికి వెళ్ళేలా కమిటీ ఒప్పుకుంది. అందులో అక్కకు కూడా గుడ్డు పెట్టాలని తల్లి దగ్గర మాట తీసుకున్నాం. రెండవ తల్లికి మేము చెప్పింది నచ్చలేదు. “పిల్లవాడు నాలుగు ముద్దలు తింటే మీ కళ్ళే పడ్డాయి హజ్రత్” అని వెళ్ళిపోయింది. మరో ఊరిలో ఎవరో బాబా దగ్గర తావీజు కట్టించిందని విన్నాం.

పిల్లవాడు మాత్రం వస్తున్నాడు. మగ్రిబ్‌కు ముందు మస్జిదు వెనుక ఖాళీ స్థలంలో పిల్లలు క్రికెట్ ఆడతారు. మొదట గోడ మీద కూర్చొని చూసేవాడు. తర్వాత వికెట్ల వెనుక నిలబెట్టారు, అక్కడైతే పరుగెత్తనక్కరలేదని. నిన్న బంతి మురుగు కాలువ అవతలకు పోతే, అందరికన్నా ముందు వీడే పరుగెత్తాడు. తిరిగి వచ్చి రొప్పుతూ మా ముందు నిలబడి అడిగాడు: “హజ్రత్, మా అబ్బాకు నేను పరుగెత్తానని చెబుతారా?”

మా దగ్గర ఆయన నంబరు లేదు. అడిగి తీసుకున్నాం.